అరెకరం తెల్లజొన్న

మా తాత మరణ ధ్రువీకరణ పత్రం మీద జిల్లా కామారెడ్డి అని ఉంది. ఆయన పుట్టిన నాటికి మా ఊరు నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా, నిజాం రాజ్యం. పుట్టిన ఇంట్లోనే, పుట్టిన అర్రలోనే కన్నుమూసిన మనిషి ఆయన. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు, చుట్టూ ఉన్న రాజ్యాలే కదిలిపోయాయి.

1956లో రాష్ట్రాలను భాషలవారీగా విడదీసిన చట్టంలో మా జుక్కల్ పేరు అచ్చులో ఉంది. నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి పోతుంది, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు తప్ప. ఆ ‘తప్ప’ అన్న ఒక్క మాటతో నవంబర్ 1 తెల్లారేసరికి మేము నిజామాబాద్ జిల్లా వాళ్లమైపోయాం. అప్పటిదాకా భూమి పని ఉంటే తాత దెగ్లూర్ కచేరీకి పోయేవాడు. ఇంట్లో తెలుగు, లెక్కల పుస్తకంలో మరాఠీ, పడమటి దిక్కు చుట్టాలతో కన్నడం, అమీనుతో ఉర్దూ. బడికి పోయింది రెండేళ్లే అయినా నాలుగు భాషల్లో బేరం ఆడేవాడు. తెలంగాణ వచ్చింది 2014లో. 2016 దసరా నాడు కామారెడ్డి జిల్లా అయింది. ఆ మార్గశిరంలోనే తాత పోయాడు. అప్పటికి తొంభై మూడేళ్లు.

ఆ తొంభై మూడేళ్ల లెక్కకు కాగితం లేదు. “నిజాంసాగర్ కట్టకు పునాది తీసిన యేడు పుట్టిన” అనేవాడు. ఆ పని 1923లో మొదలైంది. అదే ఆయన వయసు.

మా ఊళ్లో చాలాకాలం ఏ కొత్త పంట వచ్చినా మొదటి చేను తాతదే. మొదటి ఆయిలింజను ఆయనది. మొదటి హైబ్రిడ్ జొన్న ఆయనది. సంచిలో పోసి అమ్మే ఎరువును మొదట చల్లింది ఆయన చేతులే. ఈ మాటలు చెప్పి ఊరుకుంటే ఆయనను గొప్పవాడిని చేసినట్టే అవుతుంది కానీ, నేను చెప్పాలనుకున్నది సగమే చెప్పినట్టు. మిగతా సగం మా నాయనమ్మది.

కట్ట సంగతి ముందు చెప్పాలి. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కడుతున్నప్పుడు మా ముత్తాత బండి కట్టుకొని రాయి తోలడానికి పోయాడట. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే ఇంజినీరు దగ్గరుండి కట్టించిన ఆ కట్ట 1931లో పూర్తయింది. రెండు లక్షల డెబ్భై అయిదు వేల ఎకరాలకు నీళ్లన్నారు. ఆ నీళ్లు బాన్సువాడ, బోధన్ దిక్కు పోయాయి. మంజీరకు పడమట, ఎత్తున ఉన్న జుక్కల్, మద్నూర్, బిచ్కుంద రేగళ్లకు ఒక్క సాలు కూడా ఎక్కలేదు. ముత్తాత మోసిన రాయి మీద నిలిచిన నీళ్లను తాత జీవితమంతా దూరం నుంచే చూశాడు. చిత్రమేమంటే ఇప్పుడు నిజాంసాగర్ మండలం మా జుక్కల్ నియోజకవర్గంలోనే ఉంది. ఓటు వేసేటప్పుడు ఆ కట్ట, మేము ఒక్కటే.

కాలువ కింద కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. వర్ని, బాన్సువాడ, బోధన్ చుట్టూ ‘క్యాంపులు’ వెలిశాయి. చెట్టూ పుట్టా కొట్టి, గుడిసెలు వేసుకొని, మలేరియాతో మనుషులను పోగొట్టుకుంటూ మాగాణి చేసినవాళ్లు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచాక చెరకు కూడా వచ్చింది. తాతకు పెళ్లయిన కొత్తలో అక్కడికి బండి మీద పోయి నాలుగు రోజులు ఉండి వచ్చాడట. పనికి కాదు, చూడ్డానికి. నాయనమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోయేది. ఎవరైనా తీర్థం పోతారు, పెండ్లికి పోతారు, పరాయి ఊరి పొలాలు చూడ్డానికి బండి కట్టుకొని పోతారా? తాత పోయాడు. ఒక క్యాంపులో బావి మీద ఆయిలింజను తిరగడం చూశాడు. అది కళ్లలో పెట్టుకొని వచ్చాడు.

మా బావి మీద అప్పుడు మోట ఉండేది. నేను పుట్టేసరికి మోట పోయింది కానీ, దాని ఆనవాళ్ల మధ్యే నేను పెరిగాను. బావి ఒడ్డున రెండు రాతి కంబాలు, వాటి మధ్య గిరక పెట్టే దూలం, ఎడ్లు దిగే ఏటవాలు బాట. ఒడ్డు బండ మీద మోకు ఒరుసుకొని ఒరుసుకొని పడిన గాడిలో నా చిటికెన వేలు మొత్తం పట్టేది. తాళ్లు రాయిని కోశాయంటే అది ఎన్ని తరాల మోట అయి ఉండాలి! తోలు బొక్కెనకు కింద ఏనుగు తొండంలాంటి తోలు గొట్టం. ఎడ్లు బాట దిగితే నిండిన బొక్కెన పైకి వస్తుంది, తొండంలోంచి నీళ్లు వాటంతట అవే తొట్టిలో పడతాయి. మళ్లీ ఎడ్లు వెనక్కి నడిచి పైకి ఎక్కాలి. ఎద్దును ముందుకు తోలడం ఎవరికైనా వస్తుంది, వెనక్కి నడిపించడానికి పాట కావాలి. తాత మోట కొడుతూ పాడుతుంటే తెల్లవారుజామున ఊరు లేచేదని మా మేనత్త చెప్పేది. మోటకు ఉన్న జత అలసిపోతే ఇంకో జత. పొద్దంతా కొట్టినా తడిసేది కొద్దిపాటి మిరప, ఉల్లి, ఇంటికి సరిపడా గోధుమ మడి.

అరవైల్లో కిర్లోస్కర్ ఇంజను కొన్నాడు. రెండు జతల ఎడ్లు, నాయనమ్మ పట్టీలు, మిగిలింది బాకీ. ఇంజను బండి మీద ఊళ్లోకి వచ్చిన రోజు గుడి ముందు ఆపి కొబ్బరికాయ కొట్టారట. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తే దడదడమని పొగ కక్కి, గొట్టం లోంచి నీళ్లు మనిషి తొడంత లావున పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎడ్లు బెదిరి కట్లు తెంపుకున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదని, ఎందుకో చాలా ఏండ్లకు తెలిసిందని తాత నాతో అన్నాడు.

“పొద్దుగాల లేస్తే నోట్లె పాట లేదు బిడ్డా. ఎవలికి పాడాలె? ఇంజను వెనుకకు నడువదు.”

హైబ్రిడ్ జొన్న సంగతికి వస్తాను. మనసులో నేను ఎక్కువసార్లు తిరగేసుకునేది ఇదే.

మా వైపు నేల నల్లరేగడి. వాన పడితే కాలికి చెప్పులా అంటుకుంటుంది, ఎండితే పెద్ద పెద్ద నెర్రెలు విచ్చుకుంటుంది. వానాకాలం పచ్చజొన్న, దాని సాళ్ల మధ్య కంది. పెసర, మినుము, నువ్వులు వేరే చెలకల్లో. యాసంగికి ఒక్క చుక్క నీరు పెట్టకుండా, రేగడిలో దాగిన తేమ మీదనే తెల్లజొన్న, శనగ, కుసుమ. పత్తి కొంత, గావరాణి రకం. నాందేడ్ మిల్లులకు పోయే సరుకు. ఇత్తనం ఏదీ కొనేది లేదు. కొంటే పరువు తక్కువ. ‘ఇత్తనం కొన్న ఇల్లు’ అంటే ఎత్తిపోయిన ఇల్లు అని అర్థం.

ఆ ఇత్తనం నాయనమ్మ చేతిలో ఉండేది. కోతకు ముందు చేనంతా ఒక్కతే తిరిగేది. ఎవరూ మాట్లాడించకూడదు. కంకి పట్టుకొని అరచేతిలో బరువు చూసేది. రెండు గింజలు ఒలిచి పంటి కింద పెట్టి, ఆ ‘టక్’మనే చప్పుడు వినేది. దంటు వంచి వదిలేది, అది లేచి నిలబడాలి. పిట్ట ముట్టిన కంకిని వదిలేది కాదు, దాన్ని ఇంకా శ్రద్ధగా చూసేది. పిట్టకు రుచి తెలుసు అనేది. అట్లా ఏరిన కంకులకు ఎర్రగుడ్డ పేలిక కట్టేది. కోతప్పుడు వాటిని విడిగా కోసి, గుత్తులు కట్టి, పొయ్యి పైన వాసానికి వేలాడదీసేది. ఏడాదంతా పొగ తగిలి ఆ కంకులు నల్లబడేవి. పురుగు దరిచేరేది కాదు. కంది, పెసర ఇత్తనాలు బూడిద కలిపి, వేపాకు వేసి, గుమ్మిలో పోసి, మూతికి పేడ మెత్తేది. ఇరవై రకాల దాకా ఆ చీకటి అర్రలో ఉండేవి. గుమ్మి మీద రాత లేదు. చేయి పెట్టి చెప్పేది.

విత్తేటప్పుడు గొర్రు తాత పట్టేవాడు. జడ్డిగంలో ఇత్తనం పోసేది మాత్రం నాయనమ్మ. గొర్రు పక్కనే నడుస్తూ, కొంగులో కట్టిన జొన్నలు పిడికిట్లోకి తీసుకొని, వేళ్ల సందుల్లోంచి ఒక్క తీరుగా జారవిడవాలి. ఎద్దు ఆగితే పిడికిలి ఆగాలి, ఎద్దు నడిస్తే పిడికిలి నడవాలి. మొలక వచ్చినప్పుడు ఊరంతా చూసి చెప్పేది, ఏ సాలు ఎవరి చెయ్యో. నాయనమ్మ సాళ్లు దువ్వెన పళ్లలా ఉండేవట.

1964లో సి.ఎస్.హెచ్-1 అనే జొన్న విడుదలైంది. మన దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న అది. రెండు మూడేళ్లకు గ్రామసేవక్ ఒకాయన సైకిల్ మీద ఆ గింజల సంచి తెచ్చి, ఊళ్లో ఎవరు వేస్తారని అడిగాడు. అందరూ తాత వైపు చూశారు. ఆయన నాలుగెకరాల్లో వేశాడు. నాలుగు!

మొదటి ఏడు మొలక మీద మొవ్వు ఈగ పడింది. నడిమి మొవ్వు ఎండి, పట్టి లాగితే ఊడి వచ్చేది. మిగిలిన పైరు నడుమెత్తు పెరిగి ఆగిపోయింది. మా పచ్చజొన్నలో మనిషి దూరితే కనపడడు. ఇందులో కుక్క నడిచినా తోక కనపడేది. నూరు రోజులకే పండింది. అదే ముప్పు అయింది. మా జొన్న పండే నాటికి వానలు వెళ్లిపోయి ఉంటాయి, ఇది నడి వానల్లో పండింది. గింజ నల్లబడి బూజు పట్టింది. జనం నవ్వలేదు కానీ, చేను గట్టు మీద నిలబడి ఏమీ అనకుండా పోయేవారట. అది నవ్వు కన్నా బరువని తాత చెప్పేవాడు.

రెండో ఏడు మళ్లీ వేశాడు. ఈసారి తొలకరి పడ్డ రెండో రోజే విత్తాడు, ఈగ పుట్టేలోపు పైరు ముదిరింది. కోతకు వచ్చిన వారం ఎండ కాసింది. ఎకరానికి మా జొన్న కన్నా మూడింతలు పైన దిగింది. కల్లంలో కుప్ప చూసి, పోయిన ఏడు మాట్లాడకుండా వెళ్లిపోయిన వాళ్లే వచ్చి, “నాకింత ఇత్తనం పెట్టు పటేలా” అని అడిగారు.

ఇస్తానన్నాడు. ఎప్పటిలాగే నాయనమ్మ చేను తిరిగింది. బరువు చూసి, గింజ కొరికి, పేలికలు కట్టి, మంచి కంకులు ఏరింది. వాసానికి కట్టింది. మా ఇంటికే కాదు, అడిగిన ఎనిమిది ఇండ్లకూ ఆమె చేతి ఇత్తనమే పోయింది. మరుసటి వానాకాలం అందరూ విత్తారు.

మొలిచింది. పెరిగింది. పెరిగేకొద్దీ చూస్తే ఒక మొక్క మోకాలెత్తు, పక్కది మనిషెత్తు. ఒకటి అప్పుడే కంకి వేసింది, ఒకటి ఇంకా ఆకులోనే ఉంది. కొన్ని గొడ్డు కంకులు. చేనంతా తోడబుట్టిన గుర్తు లేని పిల్లల్లా ఉంది. హైబ్రిడ్‌లో రెండు వేరు రకాల కలయికతో వచ్చే బలం ఒక్క తరానికే ఉంటుందని, దాని గింజ మళ్లీ వేస్తే తాతల నాటి గుణాలన్నీ విడిపోయి తలో దిక్కు పోతాయని ఇప్పుడు ఇంటర్ చదివిన పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు. గ్రామసేవక్ చెప్పాడేమో, తాత చెవిన పెట్టలేదేమో. ఎనిమిది ఇండ్ల చేన్లు చెడ్డాయి. ఆమె గట్టు మీద నిలబడి చూసి, ఇంటికి వచ్చి, వాసానికి మిగిలి ఉన్న రెండు గుత్తులు తీసి పొయ్యిలో పెట్టిందట.

“నా చేతి ఇత్తనం ఎన్నడు గిట్ల తప్పలె” అని ఒక్కటే మాట. తప్పు చేతిది కాదని తాత ఎంత చెప్పినా ఆమెకు పట్టలేదు. ఎనిమిది ఇండ్లకూ తానే పోయి, ఆ ఏడు తిండికి తక్కువ పడితే తమ పాతర ఉందని చెప్పి వచ్చింది.

ఆ తర్వాత వానాకాలం జొన్న ఇత్తనం మా ఇంట్లో ఎవరూ ఏరలేదు. ప్రతి ఏడూ సంచి కొనడమే. మూడింతల పంట ఇంటికి వచ్చింది, అప్పు తీరింది, మా బాపు దెగ్లూర్‌లో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నానంటే దాని వెనుక ఆ సంచి జొన్న ఉంది. దాన్ని నిందించే అర్హత నాకు లేదు. కానీ ఇరవై గుమ్మిల మీద చేయి పెట్టి చెప్పగలిగిన ఒక మనిషి, నలభై ఏండ్ల వయసులో, తనకు తెలిసింది ఇక అక్కరకు రాదని ఒక్క వానాకాలంలో తెలుసుకుంది. ఊరు తాతను మెచ్చుకుంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అట్లా అనకపోవడంలోనే ఆమె పని పోయింది.

పచ్చజొన్న పోయింది కానీ తెల్లజొన్న నిలిచింది. అది కూడా ఆమె మొండితనమే. యాసంగికి కూడా హైబ్రిడ్‌లు వచ్చాయి. రేగడి తేమ మీద, మంచులో, చలిలో అవి నిలవలేదు. పాత తెల్లజొన్న ముందు, షోలాపూర్ మాల్దండి జాతి ముందు అవన్నీ ఓడిపోయాయి. రొట్టెకు అదే, చొప్పకు అదే. తాత ఒకసారి యాసంగి కూడా కొత్తది వేద్దామంటే, “వానకాలం నీకిచ్చిన, చలికాలం నాది” అని నాయనమ్మ తేల్చి చెప్పిందట. ఆయన ఆ మాట దాటలేదు.

ఇప్పుడు పాతర.

మా పెరట్లో, ఊరి మిట్ట మీద గట్టి నేలలో పాతర ఉండేది. పైన మనిషి దూరేంత మూతి, లోపల కుండలా వెడల్పు. గోడల చుట్టూ, అడుగున జొన్న చొప్ప, వరిగడ్డి పరిచి జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, బండ, మట్టి. ఎత్తు చేసి పేడతో అలికితే మూడు నాలుగేండ్లు లోపల జొన్న అట్లాగే ఉండేది. 1972లో వాన మొహం చాటేసింది. సరిహద్దుకు అవతల మరాఠ్వాడాలో జనం అమెరికా నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్న తిన్నారు. రోడ్ల పనుల్లో, రాయి కొట్టే పనుల్లో పడ్డారు. మా ఊళ్లో ఆ ఏడు తాత పాతర తీశాడు. నాగుకు ఇచ్చేవాళ్లు మానెడుకు మానెడున్నర రాసుకుంటున్న రోజులవి. తాత మానెడుకు మానెడే తీసుకున్నాడు. నాయనమ్మ చెప్పి వచ్చిన ఆ ఎనిమిది ఇండ్లకు మొదట కొలిచాడు.

నేను కళ్లారా చూసింది చివరి పాతర. ఏడెనిమిదేళ్లు ఉంటాయి నాకు. మట్టి తీసి, బండ జరపగానే ఒక వాసన లేచింది. పులిసిన పిండి, తడి మన్ను, పాత గోనె కలిసినట్టు. పెద్దలందరూ వెనక్కి జరిగారు. పాతరలో గాలి చంపుతుంది. ఆత్రంగా దిగి అట్లాగే ఉండిపోయిన మనుషుల కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. తాత మోకుకు కందిలి కట్టి, నెమ్మదిగా లోపలికి దింపాడు. నన్ను పొట్ట మీద పడుకోబెట్టి, రెండు కాళ్లూ పట్టుకొని చూడమన్నాడు. వెలుగు కిందికి పోతూ పోతూ గోడల మీది చొప్పను పచ్చగా చూపించింది, తర్వాత సన్నబడింది, తర్వాత ఆరింది. చీకటి.

“ఏమైంది?” అన్నాడు.

“దీపం సచ్చిపోయింది తాతా.”

“అయితే మనకింక టైం ఉన్నది. రేపు.”

మూతి తెరిచి ఉంచి, రాత్రంతా చెంత ఒకరు కాపలా. మరునాడు పొద్దున మళ్లీ కందిలి దింపితే అడుగు దాకా పోయి వెలిగింది. అప్పుడు తాత నడుముకు మోకు కట్టుకొని దిగాడు. పైకి వచ్చిన మొదటి గంప జొన్న కొద్దిగా ఎర్రబారి ఉంది, కొంచెం పుల్లవాసన. నాయనమ్మ గుప్పెడు తీసి వాసన చూసి తల ఊపింది. ఆ జొన్నతో చేసిన రొట్టె రుచి నాకు ఇప్పుడూ గుర్తుంది, పోల్చడానికి వేరే రుచి లేదు. ఆ తర్వాత పంట ఇంట్లో నిలవడం మానేసింది. కల్లంలో నుంచే మద్నూర్, దెగ్లూర్ పోయేది. పాతరలో చెత్త పోసి పూడ్చారు. ఇప్పుడు దాని మీద మా బాత్రూం ఉంది.

డెబ్భైల్లో హైబ్రిడ్ పత్తి, ఎనభైల్లో మందు పిచికారీలు, తొంభైల చివర సోయాబీన్. సోయాను మొదట వేసింది మా బాపే. మరాఠ్వాడా వైపు నుంచి జె.ఎస్.335 అనే రకం ఇత్తనం వచ్చింది. పండింది, బాగానే పండింది. ఇప్పుడు జుక్కల్, మద్నూర్, బిచ్కుంద చేన్లలో వానాకాలమంతా సోయా పచ్చదనమే. మొదటి పంట ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ గుప్పెడు గింజలు బొబ్బర్లలాగే ఉడికించి, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వేసి తాళింపు పెట్టింది. ఎవరమూ రెండో ముద్ద తినలేకపోయాం. తాత ప్లేటు పక్కకు పెట్టి చాలాసేపు గింజను వేళ్ల మధ్య తిప్పాడు.

“తినేది కాదు, అమ్మేది” అని బాపు అన్నాడు.

“తినంది ఎందుకు పండియ్యాలె రా?” అని తాత అడిగాడు. నిలదీసి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ముప్పై ఏండ్ల కింద ఊరికి కొత్తను చూపించిన మనిషి. అంతకు ముందు ఏ పంట వేసినా, ఏది గెలిచినా, ఏది ఓడినా, దాని చివర ఒక రొట్టె ఉండేది ఆయన లెక్కలో.

ఎడ్లు పోయింది కూడా ఆ రోజుల్లోనే. ట్రాక్టరు వచ్చింది, చొప్ప లేదు, మేపే జీతగాడు దొరకడు. జొన్న పోతే చొప్ప పోతుంది, చొప్ప పోతే ఎడ్లు పోతాయి, ఎడ్లు పోతే పెంట పోతుంది, పెంట పోతే సంచి ఎరువు రెండింతలు కావాలి. ఇది ఎవరో చదివి చెప్పిన మాట కాదు, మా కొట్టంలో వరుసగా జరిగింది. చివరి జతను అంగడికి తోలుకుపోయిన నాడు తాత ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ శ్రావణంలో పొలాల అమావాస్య వచ్చింది. మా వైపు అది దసరా అంత పండుగ. ముందు రోజు ఎడ్లను వాగుకు తోలుకుపోయి కడిగి, కాడి మోసిన మెడల మీద నెయ్యి, పసుపు రాసి, కొమ్ములకు రంగులు వేసి, పండుగ నాడు హనుమంతుడి గుడి చుట్టూ తిప్పి, ఇంటి ముందు హారతిచ్చి, పోలెలు తినిపిస్తారు. ఆ ఏడు మా వాకిట్లో ఎడ్లు లేవు. నాయనమ్మ మట్టితో చిన్న జత చేసి పీట మీద పెట్టింది. తాత వచ్చి కూర్చొని, చూపుడు వేలితో నెయ్యి అద్దుకొని, ఆ మట్టి ఎద్దుల మెడల మీద, కాడి ఆనే చోట, మెల్లగా రాశాడు. చాలాసేపు రాశాడు.

నాయనమ్మ 2004లో పోయింది. ఆ యాసంగికి అర్రలో తెల్లజొన్న గుత్తులు రెండు మిగిలి ఉన్నాయి. బాపు శనగ వేద్దామన్నాడు, ధర ఉంది. తాత చేను మొత్తం ఆయనకే వదిలేసి, బావి పక్కన అరెకరం మాత్రం అడిగాడు. అందులో ఆ గుత్తుల గింజ విత్తాడు. గొర్రు లేదు, ఎడ్లు లేవు, చేత్తో సాలు తీయించి తానే పోశాడు. ఎనభై ఏండ్ల మనిషి పిడికిలి వణికేది. మొలక దువ్వెన పళ్లలా రాలేదు.

కోత ముందు ఆయన ఒక్కడే ఆ అరెకరంలో తిరగడం నేను చూశాను. కంకిని అరచేతిలో పెట్టుకొని బరువు చూస్తున్నాడు. గింజ కొరకడానికి పండ్లు లేవు. నన్ను పిలిచి, “నువ్ కొర్కు, సప్పుడెట్లొచ్చిందో చెప్పు” అన్నాడు. నేను కొరికాను, ‘టక్’ అంది అన్నాను. “మీ నాయనమ్మ ఎట్ల చేస్తుండెనో అరువై ఏండ్లు పక్కపొంటి ఉండి చూసిన గాని నేర్వలే. ఇప్పుడు గుర్తు తెచ్చుకుంట చేస్తున్న” అన్నాడు. ఎర్రగుడ్డ పేలికలు ఆమె పాత చీరవి.

పన్నెండేండ్లు అట్లా ఆ అరెకరం నడిచింది. పండేది పెద్దగా ఏమీ లేదు. చుట్టూ ఎక్కడా జొన్న లేదు కాబట్టి పది ఊళ్ల పిట్టలన్నీ అక్కడే వాలేవి. తాత మంచె వేయలేదు, వడిసెల తిప్పలేదు. చిన్నప్పుడు మంచె మీద నిలబడి వడిసెలతో రాయి విసిరితే గురి తప్పేవాడు కాదని ఆయనకు పేరు. ఇప్పుడు గట్టు మీద కూర్చొని ఊరకే చూసేవాడు. ఇంటికి సగం, పిట్టకు సగం అని బాపు విసుక్కుంటే, ఇత్తనం గుత్తులు రెండు వస్తే చాలు అనేవాడు.

2016 మార్గశిరంలో మంచం పట్టాడు. జబ్బు అని ఏమీ లేదు, తిండి తగ్గింది. డాక్టరు గ్లూకోజ్ పెట్టి, వయసు అన్నాడు. జొన్న అప్పుడు పాలకంకి మీద ఉంది. ఒక సాయంత్రం “ఊచబియ్యం” అన్నాడు. అవతలి ఊళ్లవాళ్లు హుర్డా అంటారు. నేను చేనుకు పోయి నాలుగు కంకులు విరిచి తెచ్చాను. పెరట్లో పిడకల నిప్పు మీద కాల్చి, వేడివేడిగా అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజలు దీసి ఇచ్చాను. పచ్చగా, మెత్తగా, పాలు కారుతూ ఉన్నాయి. నాలుగు గింజలు నోట్లో వేసుకొని చప్పరించాడు. “తియ్యగున్నదా తాతా?” అంటే కళ్లు మూసుకొనే తల ఊపాడు. “రెండు దినాలైతే ముదురుతది. ఇప్పుడే తినాలె” అన్నాడు. మూడో నాడు తెల్లవారుజామున, మోట కొట్టే వేళకు, పోయాడు.

బావి పక్కన, ఆ రాతి కంబాలకు కొంచెం దూరంలో, ఆయన భూమిలోనే దహనం చేశాం. ఎనిమిది ఇండ్ల మనుమలు వచ్చారు. ఎందుకు వచ్చారో వాళ్లలో కొందరికి తెలియదు. పెద్దలు పొమ్మన్నారట.

మూడో రోజు పిట్టకు పెట్టాం. అన్నం, పప్పు, ఆయనకు ఇష్టమైన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, కొంచెం బెల్లం. ఆకులో వడ్డించి బూడిద పక్కన పెట్టి, అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి రాలేదు. పావుగంటయింది, అరగంటయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కోరిక చెప్పి మొక్కుతున్నారు, కోడలిని మంచిగ చూస్తం, మనుమరాలి పెండ్లి చేస్తం, రా అని. బాపు ఏమీ అనలేదు. చాలాసేపటికి చెప్పులు విడిచి రెండడుగులు ముందుకు పోయి, “అరెకరం నేను వేస్త” అన్నాడు.

అప్పుడు కూడా కాకి రాలేదు. జొన్నచేనులో మాత్రం ఏదో కదిలింది. ముదురుతున్న కంకుల మీద రామచిలుకల గుంపు వాలి ఉంది, మేము అప్పటిదాకా చూడలేదు. మా కాక అలవాటు కొద్దీ వంగి మట్టిపెడ్డ అందుకున్నాడు. చెయ్యి లేచింది. మా అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. పెడ్డ ఆయన వేళ్ల మధ్యే నలిగి నేల మీద రాలింది. చిలుకలు తింటూనే ఉన్నాయి.